ఉప్పు అడిగితే సిగరెట్ పెట్టె ఇచ్చారు: చైనాలో మొదటి నెలల గురించి అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న నైట్ డ్యూటీ దిగి బస్సులో వస్తూ చదివాను, కొంచెం నవ్వొచ్చింది, కొంచెం గొంతు పట్టేసింది కూడా. నువ్వు అడిగింది ఇదీ: ఎంబీబీఎస్ కి వూహాన్ వచ్చి 5 వారాలైంది, క్లాసులు ఇంగ్లీషులోనే కదా చైనీస్ మీద టైమ్ దండగ అని సీనియర్లు అంటున్నారు, నేర్చుకుందామన్నా టోన్లు (గొంతు ఎత్తుపల్లాలు, అవి మారితే మాట అర్థమే మారిపోతుంది) పట్టుబడట్లేదు, తిండి పడట్లేదు, రాత్రి ఫోన్లో అమ్మ ఏడిస్తే వెనక్కి వచ్చేద్దామా అనిపిస్తోంది. చివర్లో పెరుగు ఎక్కడ దొరుకుతుంది అని కూడా అడిగావు. నేను 2013 సెప్టెంబర్లో ఖమ్మం నుంచి అదే ఊరికి అదే చదువుకి వెళ్ళాను, ఆరేళ్ళు ఉన్నాను, తిరిగొచ్చి ఎఫ్ఎంజీఈ (విదేశాల్లో ఎంబీబీఎస్ చేసినవాళ్ళు ఇక్కడ రాయాల్సిన పరీక్ష) రాసి ఇప్పుడు ఇక్కడ ఆస్పత్రిలో చేస్తున్నా. నాకు తెలిసింది చెప్తా, పొడుగవుతుంది, టీ పెట్టుకుని కూర్చో.

ముందు ఆ సీనియర్ల సంగతి. నాకూ ఇదే చెప్పారు, నేనూ నమ్మాను, మొదటి ఏడాది సగం చైనీస్ క్లాసులకి డుమ్మా కొట్టాను. బుద్ధి ఎప్పుడు వచ్చిందంటే వార్డులో అడుగు పెట్టిన రోజు. ప్రొఫెసర్ ఇంగ్లీషు మాట్లాడతాడు, పేషెంట్ మాట్లాడడుగా! డెబ్భై దాటిన తాతగారు, కడుపు పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. నేను రాత్రంతా బట్టీ కొట్టిన వాక్యం అప్పజెప్పాను, "నీ నాలీ పూ షూఫూ", అంటే ఎక్కడ బాలేదు అని. ఆయన నా మొహంలోకి చూసి "మో స్?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగా, మళ్ళీ "మో స్?" అన్నాడు ఈసారి గట్టిగా. పక్క మంచం వాళ్ళు నవ్వుతున్నారు. తర్వాత నర్సు చెప్పింది, అది వూహాన్ యాసలో "ఏంటీ?" అని. అంటే పాపం ఆయన నన్ను ఏమంటున్నావమ్మా అని అడుగుతున్నాడు, నేనేమో అది రోగం పేరేమో అని నోట్‌బుక్కులో రాసుకుంటున్నా. పైగా మా కాలేజీలో ఇంటర్న్‌షిప్ కి ముందు హెచ్ఎస్కే (చైనీస్ భాష పరీక్ష) 4వ లెవెల్ పాస్ అయిన కాగితం అడిగారు, అప్పటి లెక్కలో 1200 పదాలు, అవి చివరి ఆరు నెలల్లో మింగాలని చూసినవాళ్ళ అవస్థ చూశాను. కాబట్టి దండగ కాదు నాన్నా, ఇప్పుడు రోజుకి గంట పెడితే నాలుగో ఏట రోజుకి ఐదు గంటలు మిగులుతాయి.

ఇప్పుడు అసలు విషయం, ఇది మా టీచర్లు ఎవరూ చెప్పలేదు, నేను రెండేళ్ళు తప్పులు చేశాక తట్టింది. పిన్‌యిన్ ని ఇంగ్లీషులా చదవకు. అది చైనీస్ పలికే తీరుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి కాబట్టి మన కళ్ళు ఆటోమేటిక్ గా ఇంగ్లీషులోకి వెళ్ళిపోతాయి, అక్కడే దెబ్బ. దాన్ని తెలుగు అక్షరాల్లోకి మార్చుకో, సగం కష్టం పోతుంది, నిజం. పిన్‌యిన్లో బి అని రాసింది మన ప, పి అని రాసింది మన ఒత్తు ఫ (ఫలం లో ఫ, ఫోన్ లో ఫ కాదు). డి అంటే త, టి అంటే థ. జి అంటే క, కె అంటే ఖ. బీజింగ్ అని మనం అంటాం కానీ వాళ్ళ నోట్లో అది "పేయ్‌చింగ్" కి దగ్గర. తేడా అంతా ఒత్తులోనే ఉంది, ఒత్తు అంటే ఊపిరి. అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని థ అంటే గాలి తగలాలి, త అంటే తగలకూడదు. మనకి బళ్ళో అల్పప్రాణాలు మహాప్రాణాలు అని నేర్పారు కానీ మాట్లాడేటప్పుడు ఎవరం పలుకుతాం, "భయం" ని "బయం" అనేస్తాం కదా, ఆ బద్ధకం అక్కడ చెల్లదు.

ఎంత చెల్లదంటే విను. నేను శనివారం నీచు ముట్టను, ఇంట్లో అలవాటు. వెళ్ళిన కొత్తల్లో ఒక శనివారం క్యాంటీన్లో టమాటా గుడ్డు చూపించి (గుడ్డు తింటాను, దాని మీద మా నానమ్మతో గొడవ వేరే కథ) ఏడు యువాన్లా అని అడగబోయాను. ఏడు యువాన్లు అంటే "ఛీ ఖ్వాయ్". ఏడు లో ఒత్తు ఉంది. నేను ఒత్తు లేకుండా "చీ ఖ్వాయ్?" అన్నాను. ఒత్తు తీసేస్తే అది కోడి ముక్కలు! రెండిటికీ టోన్ కూడా ఒకటే. క్యాంటీన్ ఆయీ (పెద్దావిడని అలా పిలుస్తారు) చక్కగా తల ఊపి, నా అన్నం మీద గరిటెడు చికెన్ ముక్కలు వేసి ఇచ్చింది. నేను వద్దని చెయ్యి ఊపుతూ "చీ ఖ్వాయ్, చీ ఖ్వాయ్" అంటున్నా, ఆవిడ ఇంకా కావాలేమో అని ఇంకో గరిటె వేసింది. ఆ ప్లేటు పక్కన కూర్చున్న నేపాలీ అబ్బాయికి ఇచ్చేసి రూముకి పోయి బిస్కెట్లు తిన్నా.

ఇంకోటి, శషసలు. "శషసలు పలకడం రాదు" అని మా తెలుగు మాస్టారు మొట్టికాయ వేసేవారు, ఆ మొట్టికాయలు వూహాన్లో పనికొచ్చాయి. పిన్‌యిన్లో ఎక్స్ అని రాసింది ఇంచుమించు మన శ, ఎస్ హెచ్ అని రాసింది మన ష (నాలుక కొస పైకి మడిచి, ట పలికే చోట), ఉత్త ఎస్ అంటే స. మూడూ వేరు వేరు మాటలు చేస్తాయి, నాలుగు అంటే "స్", పది అంటే "ష్", కూరగాయల కొట్లో ఈ రెండూ కలిపేస్తే డబ్బుల దగ్గర గొడవే. అలాగే చ లు. చీర లో చ ఉంది చూడు, అది పిన్‌యిన్లో జె. చాప లో చ, చలి లో చ, ఆ పళ్ళ దగ్గర పలికేది, అది పిన్‌యిన్లో జెడ్. ఇంగ్లీషు వాళ్ళు దీనికి నానా తంటాలు పడతారు, మనకి పుట్టుకతోనే వచ్చు. జెడ్ హెచ్ అని రాస్తే నాలుక ట దగ్గర పెట్టి చ అనాలి. ప్రాక్టీసుకి నేనొక మాట పెట్టుకున్నాను, ఆ టమాటా గుడ్డు కూర పేరే: "శీ హోంగ్ ష్ ఛావ్ చీ తాన్". శ, ష, ఒత్తు ఛ, ఉత్త చ అన్నీ ఒక్క ప్లేటులో. రోజూ క్యూలో నిలబడి లోపల పది సార్లు అనుకునేదాన్ని.

టోన్లు. నాలుగు గీతలు బోర్డు మీద గీసి నేర్పుతారు, ఆ గీతలు చూసి నేర్చుకోవడం ఎవరి వల్లా కాదు. నీ గొంతులో ఆ నాలుగూ ఇప్పటికే ఉన్నాయి, వెతుక్కో. మొదటిది, డాక్టరు నోరు తెరిచి "ఆ...." అనమంటే సాఫీగా పైన పట్టి ఉంచుతాం చూడు, అది. రెండోది, ఫోన్లో సరిగ్గా వినపడకపోతే "ఆఁ?" అని పైకి లేపుతాం, అది. మూడోది, అమ్మ పని చెప్తే ఇష్టం లేకుండా "ఊఁ... సర్లే" అని గొంతు అడుక్కి దించుతాం, అది. పుస్తకంలో ఇది కిందకి దిగి మళ్ళీ పైకి లేచినట్టు గీస్తారు, కానీ మాటల మధ్యలో ఎవరూ లేపరు, అడుగున ఉంచితే చాలు. నాలుగోది "పో!" అని కసిరినట్టు. మూడోవి రెండు పక్కపక్కన వస్తే మొదటిది రెండోదైపోతుంది, మనకి సంధి ఉన్నట్టే అనుకో, "నీ హావ్" లో జరిగేది అదే.

ఉప్పు కథ ఇక్కడిది. అక్టోబర్లో అనుకుంటా, రూములో పులుసు పెట్టుకుందామని హాస్టల్ గేటు ఎదురు చిన్న కొట్టుకి వెళ్ళాను. ఉప్పు అంటే "యెన్", రెండో టోన్, పైకి లేపాలి. నేను సాఫీగా మొదటి టోన్లో అన్నాను. అది సిగరెట్. లావ్‌పాన్ (కొట్టు యజమానిని అలాగే పిలవాలి) అద్దాల షెల్ఫు వైపు చూపించి ఏది కావాలి అన్నాడు, నేను ఉప్పు ప్యాకెట్లు అక్కడ పెట్టారేమో అని తల ఊపాను, ఎర్ర పెట్టె తీసి ముందు పెట్టాడు. కాదు కాదు అని మూడు వేళ్ళు కలిపి కూరలో ఉప్పు జల్లినట్టు చూపించాను. ఆయన ఓహో అని లైటర్ తీసి ఇచ్చాడు! బూడిద రాల్చినట్టు కనిపించింది కాబోలు. చివరికి నేను గిన్నె, గరిటె, నాలుక చప్పరించడం అన్నీ యాక్షన్ చేసి చూపిస్తే పెద్దగా నవ్వి "యెన్?" అన్నాడు, పైకి లేపి. ఆ లేపడం ఇప్పటికీ నా చెవిలో ఉంది, ఆ రోజు నుంచి ఆ మాట ఎప్పుడూ తప్పు పోలేదు. అప్పటి నుంచి నేను వెళ్తే చాలు ఆయన లైటర్ చేతిలోకి తీసుకుని కొంటెగా చూసేవాడు.

అందుకే నేను చెప్పేది, ముందు పుస్తకం మొత్తం కాదు, నీ గేటు ముందున్న నాలుగు కొట్ల భాష నేర్చుకో. క్యాంటీన్ కిటికీ, కిరాణా, పళ్ళ బండి, కొరియర్ తీసుకునే చోటు. రోజూ అవే మనుషులు, అవే పది వాక్యాలు, వాళ్ళకి నీ తప్పులు అలవాటవుతాయి, నీకు వాళ్ళ యాస అలవాటవుతుంది. యాస అని ఎందుకంటున్నానంటే వూహాన్ ముసలివాళ్ళ మాటలో ష ఉండదు, అంతా స నే. న కి ల కి తేడా లేదు. పుస్తకంలో కసిరినట్టు కిందకి పడే నాలుగో టోన్ అక్కడ పైకి లేస్తుంది. క్లాసులో నూటికి తొంభై తెచ్చుకున్న నా ఫ్రెండు పళ్ళ బండి అవ్వ ముందు నీళ్ళు నమిలేది. నువ్వు మాట్లాడేది క్లాసు భాషే మాట్లాడు, కానీ చెవి మాత్రం రోడ్డు మీద పెట్టు. మెట్రో ఇంకో ఉచిత ట్యూషన్, నేను వెళ్ళేసరికి లైన్ 2 కొత్తగా తెరిచారు (2012 డిసెంబర్లో, యాంగ్జీ నది కింద నుంచి వెళ్తుంది), ప్రతి స్టేషన్ కి ముందు చైనీస్ లో చెప్పి తర్వాత ఇంగ్లీషులో చెప్తారు, క్వాంగ్‌కూ నుంచి చ్యాంగ్‌హాన్‌లూ దాకా కళ్ళు మూసుకుని కూర్చుని ముందే స్టేషన్ పేరు నోట్లో అనుకునేదాన్ని.

పిలుపుల విషయంలో మనకి సుఖం. వాళ్ళు కూడా మనలాగే పరాయివాళ్ళని వరసలు పెట్టి పిలుస్తారు. పెద్దావిడైతే ఆయీ, పెద్దాయనైతే షూషూ, డ్రైవరు, రిపేరు చేసేవాళ్ళు అయితే షీఫూ. ఇంగ్లీషు అలవాటైన పిల్లలు ఇది మొహమాటపడతారు, మనకి ఆటోలో ఎక్కి "బాబాయ్ ఆపు" అనడం అలవాటేగా. పాత తరం వాళ్ళు కనిపిస్తే తిన్నావా అని పలకరిస్తారు, అచ్చం మనూళ్ళోలాగే, అది భోజనానికి పిలుపు కాదు మళ్ళీ, తిన్నా అనేసి వెళ్ళిపో.

గ్రామర్ కి భయపడకు, చాలా తేలిక. "నేను నిన్న కొన్న పుస్తకం" అనాలంటే "వో ౘువోథ్యెన్ మాయ్ త షూ": నేను, నిన్న, కొన్న, పుస్తకం. అదే వరస! ఇంగ్లీషులో ఆలోచించి చెప్తే తల్లకిందులవుతుంది, తెలుగులో ఆలోచించి చెప్తే నేరుగా వస్తుంది. అన్నిట్లో కాదులే, "నేను అన్నం తింటాను" ని "నేను తింటా అన్నం" అనాలి. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత, అదీ మనలాగే. కానీ మన పాస్‌పోర్టు పేర్లతో వచ్చే తలనొప్పి మాత్రం మామూలుగా ఉండదు, నా పేరు మూడు ముక్కలు, బ్యాంకులో ఒకలా, సిమ్ దగ్గర ఒకలా ఎక్కింది, ఒక్క స్పేస్ తేడాకి డబ్బులు పంపడం ఆగిపోయి రెండు సార్లు క్యూలో నిలబడ్డాను. పాస్‌పోర్టులో ఉన్న వరసలో, ఉన్న స్పేస్‌లతో అన్ని చోట్లా ఒకేలా రాయించు. హాస్టల్ కాకుండా బయట ఎప్పుడైనా రూము తీసుకుంటే 24 గంటల్లోపు దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో అడ్రసు రిజిస్టర్ చేయించుకోవాలి, అది మర్చిపోయి వీసా దగ్గర ఏడ్చినవాళ్ళు ఉన్నారు.

అక్షరాలు మొదట్లో పురుగులు పాకినట్టు ఉంటాయి, నాకూ అంతే. రోజుకి ఐదు చాలు, చేత్తో రాయి. ముక్కలుగా చూడు: పక్కన మూడు చుక్కలుంటే నీళ్ళకి సంబంధించింది, అమ్మ అనే అక్షరంలో ఎడమ పక్క ఆడమనిషి, కుడి పక్క గుర్రం. గుర్రం ఎందుకంటే దాని పేరు "మా" కాబట్టి, శబ్దం కోసం పెట్టారు. ఎక్కువ అక్షరాలు ఇలాగే, ఒక ముక్క అర్థానికి ఒక ముక్క శబ్దానికి. మా రోజుల్లో హెచ్ఎస్కే 1, 2 లో అక్షరాలతో పాటు పిన్‌యిన్ కూడా ఇచ్చేవాళ్ళు, 3 నుంచి తీసేసేవాళ్ళు, చాలామంది అక్కడే బోల్తా పడేవాళ్ళు, కాబట్టి పిన్‌యిన్ మీద కళ్ళు ఆనించడం ఇప్పట్నుంచే తగ్గించు. ఫోన్లో ప్లెకో డిక్షనరీ వేసుకో.

తిండి. అన్నం ముద్దగా ఉంటుంది, ఉప్పు కారం లేని కూరలు, ఆ నూనె వాసన, తెలుసు. కానీ నువ్వున్నది హూపేయ్ రాష్ట్రంలో, అదృష్టవంతుడివి, అక్కడ కారం తింటారు. సిచువాన్ వంట హోటల్లో నాలుక మొద్దుబారితే భయపడకు, అది "హ్వాచ్యావ్" గింజ, పక్కకి తీసెయ్. పొద్దున్నే టిఫిన్ తినడాన్ని వూహాన్లో "కువో ౘావ్" అంటారు, రోడ్డు పక్కన నిలబడి నువ్వుల ముద్ద కలిపిన "ర కాన్ మ్యెన్" నూడుల్స్ తిను, నువ్వుల పచ్చడి వాసన వచ్చి నాకు మొదటిసారి కడుపు నిండింది అక్కడే. మామూలుగా మాంసం ఉండదు కానీ కొన్ని బళ్ళ దగ్గర మాంసం ఉడికిన నీళ్ళు ఒక గరిటె పోస్తారు, నీకు పట్టింపు ఉంటే ముందే చెప్పు. ఉత్తినే మాంసం అంటే అక్కడ పంది మాంసం అని గుర్తు పెట్టుకో. "రోవ్ (మాంసం) వద్దు" అంటే పెద్ద ముక్కలు వెయ్యరు, సన్నగా కొట్టిన ఖీమా వేసేస్తారు, అది వాళ్ళ లెక్కలో మాంసం కాదు! నేను "శాకాహారం తింటా" అనే అర్థంలో "వో ఛ్ సూ" అనేదాన్ని, అది కొంచెం మేలు. ఏదీ దొరక్కపోతే గుడ్డు ఫ్రైడ్ రైస్, "తాన్ ఛావ్ ఫాన్", అది ఎప్పుడూ మోసం చెయ్యదు. కందిపప్పు చింతపండు తావ్‌పావ్ అనే ఆన్‌లైన్ షాపింగ్ యాప్ లో ఆర్డర్ పెట్టుకోవచ్చు, మీ సీనియర్లని లింకు అడుగు, చైనీస్ దండగ అన్న ఆ సీనియర్లని ఇలాంటివాటికి వాడుకో.

చలికాలం గురించి ముందే చెప్తున్నా. చైనా ఉత్తరాదిన హీటింగ్ పైపులు ఉంటాయి, హార్బిన్లో చదివినవాళ్ళు రూముల్లో ఉత్త టీషర్టులతో కూర్చున్న ఫోటోలు పెడతారు. హీటింగ్ ఇచ్చే ఉత్తరానికి, ఇవ్వని దక్షిణానికి మధ్య ఒక గీత ఉంది, వూహాన్ ఆ గీతకి దక్షిణం పక్కన పడింది, ఆ సెంట్రల్ హీటింగ్ లేదు, బయట సున్నా దగ్గర ఉంటే లోపలా చెమ్మ చలి. మంచి రజాయి కొను. వేడినీళ్ళ ఫ్లాస్కు కూడా. అక్కడ ఏ జబ్బుకైనా మొదటి మందు వేడినీళ్ళే. నాకు నవంబర్లో జ్వరం వస్తే హాస్టల్ ఆయీ, రోజూ రైస్ కుక్కర్ దాచుకున్నానని నా మీద అరిచే మనిషి, ఫ్లాస్కు పట్టుకుని నాలుగు అంతస్తులు ఎక్కి వచ్చింది. "త్వో హ ర ష్వేయ్", వేడినీళ్ళు బాగా తాగు అని. పూర్తిగా అర్థమైన మొదటి చైనీస్ వాక్యం నాకు అదే, మనసులో అనువాదం చేసుకోకుండా నేరుగా అర్థమైంది.

అమ్మ సంగతి. మేం ఉన్నప్పుడు అమ్మకి వీచాట్ (వాట్సాప్ లాంటి చైనా యాప్) నేర్పించాను, 2020 జూన్లో ఇండియాలో బ్యాన్ అయింది కాబట్టి మీకు ఆ దారి లేదు. వాట్సాప్ అక్కడి నెట్‌లో ఉత్తగా పని చెయ్యదు, ఇండియా సిమ్ రోమింగ్ డేటా మీద అయితే వస్తుంది, ఖరీదు కాబట్టి చిన్న ప్యాక్ కాల్స్ కోసమే ఉంచు. అక్కడ టైమ్ మనకంటే రెండున్నర గంటలు ముందు. మా హాస్టల్లో 11 కి లైట్లు తీసేసేవాళ్ళు, ఇంట్లో అప్పుడు ఎనిమిదిన్నర, అమ్మ ఒక్కతే వంటింట్లో ఉండే టైమ్. చీకట్లో పడుకుని మాట్లాడితే ఇద్దరం ఏడ్చేవాళ్ళం. నేను చేసిన పని ఏంటంటే కాల్ ని పొద్దున తొమ్మిదిన్నర బ్రేకుకి మార్చాను, ఇంట్లో అప్పుడు ఏడు గంటలు, అమ్మ హడావిడిగా ఉంటుంది, నేను ఎండలో నడుస్తూ ఉంటాను, ఏడుపు తగ్గింది. రోజూ వద్దు అని కూడా చెప్పాను, మొదట అలిగింది. వెనక్కి వెళ్ళాలా వద్దా అనేది సంక్రాంతి దాకా తేల్చకు. నేను అక్టోబర్లో టికెట్ రేట్లు చూశాను, నవంబర్లో చూశాను, డిసెంబర్లో పరీక్షల హడావిడిలో చూడటం మర్చిపోయాను.

పెరుగు అడిగావుగా. సూపర్ మార్కెట్లో "స్వాన్ నాయ్" అని కనిపించేవి ఎక్కువ తియ్యగా ఉంటాయి, అన్నంలో కలిపితే పరమాన్నమే. చక్కెర లేనిది కావాలంటే "వూ థాంగ్" అని రాసి ఉన్నది చూడు. అది తోడుకి వాడుకో, డబ్బా పాలు ఫ్లాస్కు నీళ్ళలో పెట్టి గోరువెచ్చగా చేసి ఒక స్పూను వేసి, ఆ గిన్నె పక్కన వేడినీళ్ళ బాటిల్ పెట్టి రెండిటినీ కలిపి రజాయిలో చుట్టు, చలికాలంలో అయితే మధ్యలో ఒకసారి బాటిల్ నీళ్ళు మార్చాలి. కొట్లో అడిగేటప్పుడు థాంగ్ ని "ఆఁ?" అన్నట్టు పైకి లేపి అను, సాఫీగా లాగితే అది సూప్ అవుతుంది, సూప్ లేని పెరుగు ఏంటా అని వాళ్ళు జుట్టు పీక్కుంటారు.